పదకొండు మోటార్లు, ఒక వాపసు దరఖాస్తు

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద మాకొక రేకుల షెడ్డు ఉండేది. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను పొట్టు రాలి నిగనిగలాడేదాకా తిప్పే ఇనుప డ్రమ్ములు అందులో తయారుచేసేవాళ్లం. భాగస్వాములం ముగ్గురం: మా ఆయన, నేను, మేము చాచా అని పిలిచే ఒక పెద్దాయన. వాళ్లిద్దరూ బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మెషిన్ షాపులో పక్కపక్క లేతుల మీద ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు. స్వచ్ఛందంగా ఉద్యోగాలు వదులుకున్నప్పుడు చేతికొచ్చిన డబ్బులు కలిపి ఈ షెడ్డు వేశారు. నేను మిషన్ హాస్టల్లో ఉండి ఇంటర్‌లో కామర్స్ చదివినదాన్ని కాబట్టి కాగితాల పని నా మీద పడింది. బోర్డు మీద ‘ఇంజనీరింగ్ కంపెనీ’ అని పెద్ద అక్షరాలతో రాయించాం గానీ, ఏడాదిలో డ్రమ్ముల పని ఉండేది ఆరు నెలలే. మిగతా ఆరు నెలలూ చెరుకు ట్రాలీలకు అతుకులు వేసుకుంటూ, ఇళ్ల గేట్లకు వెల్డింగ్ చేసుకుంటూ నెట్టుకొచ్చేవాళ్లం.

పాత అమ్మకం పన్ను పోయి వ్యాట్ వచ్చిన ఏడు, నిజామాబాద్ వ్యాపారులందరినీ కూర్చోబెట్టి ఒక ఆడిటరు కొత్త పద్ధతి చెప్పాడు. కుర్చీలు చాలక సగం మంది గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే. మనం సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, మనం అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి తీసేసుకోవచ్చని, మిగిలింది మాత్రమే సర్కారుకు కట్టాలని ఆయన చెప్పాడు. చెప్పి, “చిన్నవాళ్లు ఈ లెక్కల జోలికి రాకండి. అమ్మకాల మీద ఒక శాతం కట్టేసి ఊరుకోండి” అని సలహా కూడా ఇచ్చాడు. మా చుట్టూ ఉన్న షెడ్ల వాళ్లందరూ ఆ మాటే పట్టుకున్నారు.

నేను పట్టుకోలేదు. ఇంటికొచ్చి పాత బిల్లులు ముందేసుకుని లెక్క కట్టాను. మోటార్లు, బేరింగులు, బెల్టులు, రంగు డబ్బాలు, వెల్డింగ్ కడ్డీలు. మేము కొనేవాటిలో చాలావాటి మీద పన్నెండున్నర శాతం పన్ను. మేము అమ్మే డ్రమ్ము మీద నాలుగు శాతమే. అంటే వసూలు చేసేదానికంటే ముందే కట్టేదే ఎక్కువ. ఆ తేడా అంతా మా పేరున సర్కారు దగ్గర జమపడి ఉంటుంది. రెండేళ్లు గడిచాక వాపసు అడగొచ్చు.

మా ఆయనకు ఈ మాట చెప్తే నవ్వాడు. “సర్కారు సందుగల పడ్డ పైసలు ఎనుకకొస్తయా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?”

చాచా మాత్రం, “రాయనియ్యి. సదువుకున్న పిల్ల. రాస్తే మనదేం పోతది?” అన్నాడు.

అట్లా మేము వ్యాట్ కిందికి వెళ్లాం. రెండేళ్లపాటు ప్రతి నెలా ఇరవయ్యో తారీకు లోపల ఫారం నింపి పన్నుల ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. ఒక నెల మా అమ్మకు జబ్బు చేసి బోధన్ ఆస్పత్రిలో ఉంటే, అక్కడ ఆమె మంచం పక్కన కూర్చునే ఆ ఫారం నింపాను. రెండేళ్లకు మాకు రావలసింది అరవై వేల పైచిలుకు తేలింది. మా ముగ్గురికీ కలిపి ఏడాదికి మిగిలేదాంట్లో అది ఇంచుమించు సగం. వాపసు కోసం దరఖాస్తు పెట్టాను. బిల్లులన్నీ తెమ్మంటే వాటి జిరాక్సులు తీసుకెళ్లి అప్పగించాను.

నెల తిరిగేలోపు నోటీసు వచ్చింది.

పసుపు సీజను మంచి ఊపుమీద ఉన్న రోజులు. షెడ్డులో రెండు డ్రమ్ములు సగం సగం అతుకులతో పడి ఉన్నాయి. ఆఫీసు మనిషి వచ్చి నాతో సంతకం పెట్టించుకుని కవరు ఇచ్చి వెళ్లాడు. నిలబడే చదివాను. రెండోసారి రంగు డబ్బా మీద కూర్చుని చదివాను.

హైదరాబాదులో ఒక దుకాణం నుంచి మేము నాలుగు బిల్లుల మీద డ్రమ్ములు తిప్పే మోటార్లు పదకొండు కొన్నాం. మా మొదటి బిల్లుకు రెండు నెలల ముందే ఆ దుకాణం రిజిస్ట్రేషను రద్దయిందట. కాబట్టి ఆ బిల్లులు చెల్లవు. అంతటితో ఆగలేదు. అసలు సరుకే కొనకుండా, పన్ను వాపసు కోసం ఉత్త బిల్లులు తెచ్చుకున్నారని ఎందుకు అనుకోకూడదో పది రోజుల్లో రుజువులతో చెప్పండి, లేకపోతే ఆ పన్నుతోపాటు జరిమానా కూడా వేస్తాం అని ఉంది.

మా ఆయన నోటీసును నా చేత చదివించుకుని, గ్రైండరు ఆపి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“దొంగబిల్లులంటున్నరా?”

“అనలేదు. అనుకోవచ్చునా అని అడుగుతున్నరు.”

“గదే గద. నలభై ఏండ్లు వచ్చినయి, ఒక్కడు నన్ను దొంగ అనలె. నీ కాగితాలు అనిపిచ్చినయి.” లేచి నిలబడ్డాడు. “దరఖాస్తు వాపస్ తీస్కో. మాకేం వద్దు, మమ్ముల ఇడిసిపెట్టుండ్రి అని రాసియ్యి.”

“ఇప్పుడు వాపస్ తీస్కుంటే తప్పు ఒప్పుకున్నట్టే అయితది.”

“ఒప్పుకోకపోతే జరిమానా ఎవడు కడ్తడు? నీ అయ్య కడ్తడా?”

మా నాన్న చెరుకు కోతకు పోయి బతికిన మనిషి, చనిపోయి అప్పటికి మూడేళ్లు. ఆ మాట అని మా ఆయనే తల తిప్పుకున్నాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత చాలా రోజులు మా మధ్య పనికి సంబంధించిన మాటలు తప్ప వేరే మాటలు లేవు.

రుజువులు ఏమున్నాయని వెతికితే, మా తప్పులే బయటపడ్డాయి. నగదు ఇస్తే దుకాణం వాడు కొంత తగ్గిస్తాడని, ప్రతిసారీ చాచానే డబ్బు నడుముకు కట్టుకుని వెళ్లేవాడు. బ్యాంకు కాగితం ఒక్కటీ లేదు. రవాణా ఖర్చు మిగుల్తుందని, తెలిసిన లారీలో మోటార్లతోపాటు తనే ఎక్కి వచ్చేవాడు. లారీ రసీదు కూడా లేదు. పైసా పైసా మిగుల్చుకోవడానికి చేసిన పనులన్నీ ఇప్పుడు దొంగపనుల్లా కనిపిస్తున్నాయి.

దుకాణానికి ఫోను చేస్తే మోగలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి హైదరాబాదు వెళ్లాను. బిల్లు మీద ఉన్న చిరునామాలో ప్లైవుడ్ అమ్ముతున్నారు. కౌంటరు వెనక కూర్చున్నతను, “వాళ్లు ఖాళీ చేసి ఏడాదైంది. నీలాంటోళ్లు నెలకు ఇద్దరొస్తరు” అన్నాడు. ఎక్కడికి వెళ్లారో తెలుసా అంటే, తెలియదన్నట్టు చేతులు తిప్పాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంటర్ చదివిన తెలివితో ఇద్దరు మగవాళ్ల కష్టాన్ని ఎక్కడికి తెచ్చిపెట్టానా అనుకున్నాను. ఏడుపు రాలేదు. భయం వేసింది. జరిమానా పడితే లేతు మిషను అమ్మాలి. లేతు పోతే షెడ్డు లేదు.

మూడో రోజు పొద్దున నేను బిల్లులు ముందేసుకుని కూర్చుంటే, చాచా టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. బిల్లు చేతిలోకి తీసుకుని దూరంగా పట్టి చూశాడు. ఆయనకు తెలుగు అక్షరాలు రావు, అంకెలు వస్తాయి.

“బేటీ, ఈ పొడుగు నంబర్లు ఏంటియి?”

“మోటరు నంబర్లు చాచా. గ్యారంటీకి అక్కరకొస్తయని ఒక్కొక్కటి రాయించుకుని రమ్మని నేనే చెప్పిన గద మీకు.”

“ఇవే నంబర్లు మోటరు ప్లేటు మీద కొట్టి ఉంటయి. మోటర్లు యాడ ఉన్నయి? రైతుల చేన్లల్ల ఉన్నయి. మనమే బిగించినం.” గ్లాసు కింద పెట్టాడు. “కొన్నమా లేదా అని అడుగుతున్నరు గద. పోయి సూద్దాం నడువు.”

ఆ మాట నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. రెండేళ్లు కాగితం తప్ప వేరే ఏదీ చూడకపోవడం వల్ల కావచ్చు.

చాచా పాత స్కూటరు మీద బయలుదేరాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు. పది మైళ్లకొకసారి దిగి కాళ్లు చాపుకోవాలి. ఎవరెవరికి ఏ డ్రమ్ము ఇచ్చామో నా అమ్మకం బిల్లుల్లో ఉంది. ఇందల్వాయిలో రెండు, జక్రాన్‌పల్లిలో నాలుగు, వేల్పూర్ చుట్టుపక్కల నాలుగు. ఇంకొకటి మహారాష్ట్రలో ధర్మాబాద్ వైపు మనిషికి మారుబేరానికి పోయింది. దాని ఆశ మొదటే వదులుకున్నాం.

ఇందల్వాయి రైతులిద్దరూ మంచిగా చూపించారు. నంబర్లు రాసుకుని, ‘ఈ మోటారు ఫలానా కంపెనీ వాళ్లు బిగించారు’ అని రాయించుకుని సంతకాలు తీసుకున్నాం. ఇంత సులువా అనుకున్నాను. జక్రాన్‌పల్లి ఆ సంతోషాన్ని దించేసింది. కరెంటు ఉన్నంతసేపూ డ్రమ్ములు తిరుగుతూనే ఉంటాయి. ఆ కాస్త కరెంటు కోసమే రైతులు కాచుకుని ఉంటారు. ఆపమంటే ఎవరాపుతారు? మా ఆయన మోటార్లు బిగించినప్పుడు ప్లేటు డ్రమ్ము వైపుకు వచ్చేట్టు బిగించాడు. పక్కన వంగి చూస్తే బెల్టు ముఖానికి తగిలేంత దగ్గర. కరెంటు పోయేదాకా చేను గట్టు మీద కూర్చున్నాం. పోయాక చాచా పడుకుని, కిరసనాయిలు గుడ్డతో ప్లేటు మీది పసుపు జిడ్డు తుడిచి, ఒక్కొక్క అంకె పైకి చదివాడు. నేను రాసుకున్నాను. కాగితాలు, నా చేతులు, ఆయన గడ్డం అంతా పసుపే.

నాలుగో మోటారు ఉన్న రైతు మమ్మల్ని చూడగానే, “మంచి సమయానికి వచ్చిండ్రు. బేరింగు అరుస్తున్నది. బాగుచేస్తేనే సంతకం” అన్నాడు. చాచా మారు మాట్లాడకుండా సామాను తెప్పించి కూర్చున్నాడు. సగం రోజు పోయింది. అంతా అయ్యాక ప్లేటు కోసం చూస్తే, మోటారుకు ప్లేటే లేదు. కిందటేడు కాలిపోతే లోపలి తీగ మళ్లీ చుట్టించడానికి ఇచ్చాడట. చుట్టిన చోట ప్లేటు పారేశారట. ఆ రైతు మాత్రం సంతకం పెట్టి, దారిలో తినమని మొక్కజొన్న కంకులు ఇచ్చి పంపాడు.

వేల్పూర్ దగ్గర మూడు దొరికాయి. నాలుగోది, మొత్తంలో ఆఖరిది, ఒక అవ్వది. భర్త లేడు. ఇద్దరు కూలీలతో తనే నిలబడి పసుపు పాలిష్ పట్టిస్తోంది. మా పని చెప్పగానే మోటారుకు అడ్డంగా వచ్చి నిలుచుంది.

“సర్కారోల్లకు నా పేరెందుకు రాసిస్తరే? రేపొచ్చి మోటరు గుంజుకపోతరు. లేకుంటే నా పసుపు మీద పన్నేస్తరు.”

“నీ మీద ఏం రాదు అవ్వా. మేము మోటరు కొన్నమని సూపియ్యాలె, గంతే.”

“కొన్నరో లేదో నాకేమెర్క. నేను పైసలిచ్చిన, మీరు బిగించిండ్రు. ఇంక నా జోలికి రాకుండ్రి.”

చాచా నన్ను కళ్లతో వారించి, తనే వెళ్లి ఆమె ఎదుట గోనెసంచి మీద కూర్చున్నాడు. “అక్కా, నీ వేలిముద్ర వద్దు, నీ పేరు వద్దు. ప్లేటు మీద నంబరు సూస్కుని పోతం. మాకు లేతు మిషిన్ అమ్మే గతి పట్టింది. దాని మీదనే మా రెండిండ్లు బతుకుతున్నయి.”

ఆమె పక్కకు జరిగింది. “సూస్కోండ్రి. రాత మాత్రం రాయ.”

ప్లేటు తుడిచి చాచా అంకెలు చదివాడు. నేను బిల్లుతో సరిచూసుకున్నాను. బిల్లులో చివరి రెండు అంకెలు మూడు, ఎనిమిది. ప్లేటు మీద ఎనిమిది, మూడు. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అంతే. నేనే వంగి చూశాను. ఎనిమిది, మూడు.

తిరగడం మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దుగూకే వేళకు షెడ్డుకు చేరాం. మా ఆయన ఒక్కడే రెండు డ్రమ్ములూ పూర్తిచేసి కూర్చున్నాడు. నా జాబితా చూశాడు. తొమ్మిది ప్లేట్లు దొరికాయి, అందులో ఎనిమిది సరిపోయాయి, ఒకటి సరిపోలేదు.

“బిల్లుల ఉన్నట్టే రాసెయ్యి” అన్నాడు. “గా చేన్లకు ఎవడు పోయి సూస్తడు? ముసల్ది సంతకం గూడ పెట్టలె.”

చాచా ఏమీ అనలేదు. అదే నాకు కష్టమైంది. వద్దంటే బాగుండేది.

శుభ్రంగా మళ్లీ రాయడానికి కొత్త కాగితం తీశాను. ఎనిమిది నంబర్లు రాశాను. తొమ్మిదోదాని దగ్గర పెన్ను ఆగింది. రెండు అంకెలు అటూ ఇటూ మార్చితే చాలు. అబద్ధం కూడా కాదు, మోటారు నిజంగా అక్కడే ఉంది. దుకాణం వాడు రాసేటప్పుడు చేసిన పొరపాటును నేను సరిపెట్టినట్టే. అట్లా నాకు నేను చాలా చెప్పుకున్నాను. కానీ మేము దొంగబిల్లులు తెచ్చామా లేదా అన్న ప్రశ్నకు జవాబుగా ఇచ్చే కాగితం మీద, నా చేత్తో నేను చూడని అంకె రాస్తే, ఇక ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండదు. ప్లేటు మీద ఉన్నట్టే రాశాను. మా ఆయన చూసి, చేతులు కడుక్కుని, నాకోసం ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

పదో రోజు ఆఫీసుకు నేనూ చాచా వెళ్లాం. అధికారి ఒకావిడ. యాభై ఏళ్లకు దగ్గర్లో ఉంటారు. గుంటూరు వైపు మాట. మమ్మల్ని కూర్చోమని, నేనిచ్చిన కాగితాలు ఒక్కొక్కటే బిల్లులతో సరిచూస్తూ పోయారు. ఎర్ర పెన్సిలుతో ఎనిమిది చోట్ల టిక్కు పెట్టారు. తొమ్మిదో చోట ఆగారు.

“ఇది సరిపోలేదమ్మా.”

“అవును మేడం.”

“మీకు తెలుసా?”

“తెలుసు. ప్లేటు మీద అట్లనే ఉంది. ఉన్నదే రాసిన.”

“ఈ రైతు సంతకం కూడా లేదు.”

“పెట్టనన్నది మేడం. భయపడ్డది.”

“మిగతా రెండు మోటార్లు?”

“ఒకటి ధర్మాబాద్ పోయింది. ఒకటి కాలిపోయి, ప్లేటు పోయింది.”

ఆమె పెన్సిలు బల్ల మీద పెట్టారు. “సంతకాలు ఎవరైనా పెట్టిస్తారమ్మా. మీరే బిల్లు చూసి నంబర్లు రాసి, సంతకాలు పెట్టించుకొచ్చారని నేను అనుకోవచ్చు కదా?”

చాచా మెల్లగా అన్నాడు. “అట్ల రాసేటట్టుంటే, మేడం, తొమ్మిదోది గూడ మంచిగనే రాసేటోల్లం గద.”

ఆమె ఆయన వైపు చూశారు. తర్వాత క్యాలెండరు చూసి, “రేపు పదింటికి ఇక్కడికి రండి. ఆ తొమ్మిదోదాని దగ్గరికే వెళ్దాం” అన్నారు.

అవ్వ అధికారిని చూసి మోటారే దాచేస్తుందేమో, మేమెవరమో తెలియదంటుందేమో అని భయం. ముందే వెళ్లి చెప్పి వద్దామా అని చాచాను అడిగాను. “వద్దు బేటీ. చెప్పి తయారు చేసినట్టయితది” అన్నాడు.

మర్నాడు జీపు వెనక సీట్లో మేమిద్దరం, ముందు ఆమె. ఆర్మూర్ దాటి వేల్పూర్ దారి పట్టాం. చేను దగ్గర జీపు ఆగగానే డ్రమ్ము దగ్గరున్న కూలీలిద్దరూ దాన్ని ఆపేసి దూరంగా జరిగారు. అవ్వ నడుముకు కొంగు బిగించుకుంటూ ఎదురొచ్చింది.

“నేను చెప్పలె? గుంజుకపోను వచ్చిండ్రు!” అని నా మీదికి లేచింది. తర్వాత అధికారి వైపు తిరిగి, “పన్నులమ్మవు నువ్వేనా?” అంది.

“నేనే అమ్మా. ఏమీ తీసుకుపోను. ఈ మోటారు నీ దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్పు చాలు.”

“ఎట్లొస్తది? ఈ ముసలాయన, ఈమె పెనిమిటి తెచ్చి బిగించిండ్రు. అప్పుడు డబ్బాల ఉండె, కొత్తది. నేనే డబ్బా చింపిన. పైసలు ఉత్తగ ఇచ్చిననుకున్నవా? ఆగు.”

ఎక్కడికెళ్లినా వెంటే ఉంచుకునే గుడ్డ సంచి చెట్టు కొమ్మకు వేలాడుతోంది. అందులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. రేషను కార్డు, పాస్‌బుక్కు, వాటి మధ్య మడత పెట్టిన ఒక అట్ట ముక్క. మోటారుతోపాటు వచ్చిన గ్యారంటీ కార్డు. మోటారు ఆగిపోతే అక్కరకొస్తుందని చాచానే ఆమెకు ఇచ్చాడట. ఇచ్చిన సంగతి ఆయన మరిచిపోయాడు, నాకైతే తెలియనే తెలియదు.

అధికారి కార్డు తీసుకుని, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, మోటారు దగ్గర వంగారు. చాచా గుడ్డతో ప్లేటు తుడిచాడు. ఆమె కార్డు చూశారు, ప్లేటు చూశారు, మళ్లీ కార్డు చూశారు. కార్డు మీద మోటారు కంపెనీ అచ్చువేసిన నంబరు చివర ఎనిమిది, మూడు. కింద ఆ హైదరాబాదు దుకాణం ముద్ర, మా బిల్లు మీదున్న తారీకే.

లేచి నిలబడి ఆమె నా వైపు తిరిగి ఒక్క మాట అన్నారు. “బిల్లు రాసినవాడు అంకెలు తారుమారుగా రాశాడు.”

అవ్వ కార్డు ఇవ్వనంది. అధికారే జీపులో కూర్చుని దాని వివరాలన్నీ రాసుకుని, తిరిగి ఆమె చేతికిచ్చారు. మేము బయల్దేరుతుంటే అవ్వ నా దగ్గరికి వచ్చి, “లేతు మిషిన్ అమ్ముతరా ఇంక?” అని అడిగింది. “అమ్మం అవ్వా” అన్నాను. అప్పటికి నాకు నిజంగా తెలియదు.

ఆర్డరు మూడు వారాలకు వచ్చింది. మా ఆయనే కవరు తీసుకుని చింపి నాకిచ్చాడు. సరుకు నిజంగానే కొన్నారని తేలింది కాబట్టి జరిమానా లేదు. మిగతా బిల్లులన్నిటి మీదా వాపసు ఇస్తారు. ఆ నాలుగు బిల్లుల మీద కట్టిన పన్ను మాత్రం ఇవ్వరు. అమ్మినవాడికి ఆ రోజున రిజిస్ట్రేషను లేదు కాబట్టి అతను పన్ను వసూలు చేయడానికే అర్హుడు కాడు. మాకు రావలసినదాంట్లో మూడో వంతు అట్లా పోయింది.

నేను ఆఫీసుకు వెళ్లి ఆమెను అడిగాను. “మేము పన్ను కట్టినం గద మేడం. అది ఎక్కడికి పోయింది?”

“వాడి జేబులోకి పోయిందమ్మా. సర్కారుకు చేరలేదు. చేరనిదాన్ని నేను వాపసు ఇవ్వలేను.” కొంచెం ఆగి, “ఇకమీద కొనేముందు ఫోను చేసి ఆ దుకాణానికి రిజిస్ట్రేషను నంబరు ఉందో లేదో కనుక్కోండి. ఈ ఆఫీసుకే చేయండి, చెప్తారు” అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. అయినా మెట్లు దిగుతుంటే నాకు కోపం ఆగలేదు. వాడు రద్దయిన నంబరుతో ఏడాది పాటు బిల్లులు కొడుతుంటే అడగనివాళ్లు, మమ్మల్ని చేను చేనూ తిప్పారు. ఆ కోపంలో న్యాయం ఎంత, అన్యాయం ఎంత అని నేను తేల్చుకోలేదు.

వాపసు డబ్బు ఎండాకాలం చివర్లో మా ఖాతాలో పడింది. ఆ సాయంత్రం మా ఆయన షెడ్డులో కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, “ఆ ఆర్డరు మళ్ల సదువు. మొత్తం సదువు” అన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పుకుంటూ చదివాను. చెల్లవన్న నాలుగు బిల్లుల దగ్గరికి రాగానే ఆపమన్నాడు.

“మనం తప్పు చేయలేదని ఆమెనే రాసింది గద?”

“రాసింది.”

“మరి మన పైసలు ఎట్ల ఆపుతరు? దీని మీద ఇంకెవలికన్న పెట్టుకోరాదా?”

“అప్పీలు చెయ్యొచ్చు.”

“చేద్దాం” అన్నాడు. దరఖాస్తు వాపసు తీసుకోమన్న మనిషే. నా వైపు చూడకుండా అన్నాడు, కానీ ఆ రోజు మా నాన్న గురించి అన్న మాటకు అది క్షమాపణ అని నాకు అర్థమైంది.

వకీలును కనుక్కుంటే, ఫీజు, హైదరాబాదు తిరుగుళ్లు కలిపి, రావలసినదానికంటే పోయేదే ఎక్కువ తేలింది. చాచా నవ్వి, “ఇడిసిపెట్టు” అన్నాడు. మా ఆయన ఇంకో వారం రోజులు పట్టుబట్టాడు. చివరికి చేయలేదు. వచ్చిన డబ్బులో కొంత, లేతులో ఇనుమును బిగించి పట్టే చక్ కొత్తది కొనడానికి పెట్టాం. దాన్ని అమ్మే దుకాణం రిజిస్ట్రేషను నంబరు గురించి, కొనేముందు ఆఫీసుకు నేను మూడుసార్లు ఫోను చేశాను. మూడోసారి అవతలి గుమస్తా విసుక్కుని, “ఉందమ్మా, ఉంది, కొనుక్కోండి” అన్నాడు.